టర్బో ట్రాక్టరుకు మూడు నిమిషాల ఓపిక

దమ్ములు ముమ్మరంగా సాగుతున్న రోజులు. కాలవకు నీళ్లు వదిలి వారం కూడా కాలేదు. ఎవరి చేలో చూసినా కేజ్ వీల్స్ చప్పుడే. సరిగ్గా అప్పుడే నాకు వరసకు బాబాయ్ అయ్యే రైతు ఒకాయన ట్రాక్టరు మొరాయించింది. పొగగొట్టం నుంచి నీలంగా పొగ. పొద్దున పోసిన ఇంజను ఆయిలు సాయంత్రానికి గీత కిందికి దిగిపోతోంది. యాక్సిలరేటర్ తొక్కితే కత్తి సాన పట్టినట్టు కీచుమని గోల. చివరికి ఏ గేరులోనూ లాగనని మడి మధ్యలో నిలబడిపోయింది.

బాబాయ్‌కి సొంతం మూడెకరాలు. మూడెకరాలకు ట్రాక్టరెందుకని అడగవద్దు. ఆయన బతుకు ఆ మూడెకరాల మీద లేదు, సీజనులో చేసే కిరాయిల మీద ఉంది. 50 హెచ్‌పీ దాటిన టర్బో ట్రాక్టరును అప్పు చేసి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. రెండు సీజన్లు బాగానే నడిచింది. మూడో సీజనులో ఇదిగో, ఇలా.

పట్నం నుంచి మేస్త్రి వచ్చాడు. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టం ఊడదీశాడు. లోపల చిన్న ఫ్యాను రెక్కలు కనిపించాయి. వేలు పెట్టి షాఫ్టును అటూఇటూ కదిపి చూపించాడు. వదులైన బండి ఇరుసులా కొట్టుకుంటోంది.

‘‘అన్నా, పని అయిపోయాక ఇంజను ఎంతసేపటికి ఆపుతావు?’’ అన్నాడు.

‘‘ఎంతసేపేంటి మేస్త్రీ, గట్టెక్కగానే ఆపేస్తా. ఊరికే తిరుగుతుంటే డీజిల్ ఎవడిస్తాడు?’’

మేస్త్రి నవ్వలేదు. ‘‘ఆ డీజిల్ లెక్కే నీ టర్బోను తిన్నది’’ అన్నాడు.

బాగు చేయించడానికి ఎనిమిది రోజులు పట్టింది. బిల్లు ఐదంకెల్లో వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. ముందే మాటిచ్చిన రైతులు ఆగలేక వేరే ట్రాక్టర్లు పెట్టుకున్నారు. బాబాయ్ సొంత మడి అందరికంటే చివర దమ్ము అయింది. అప్పటికి నారు ముదిరిపోయింది.

ఇంతకీ ఆయన మిగుల్చుకున్న డీజిల్ ఎంత? ఆ సైజు ఇంజను బరువేమీ లేకుండా నెమ్మదిగా తిరుగుతుంటే గంటకు లీటరు నుంచి లీటరున్నర దాకా తాగుతుంది. మూడు నిమిషాలకు లెక్క కట్టండి. 50 నుంచి 75 మిల్లీలీటర్లు. టీ కొట్టు గ్లాసు కూడా నిండదు. రోజుకు నాలుగుసార్లు ఆపినా పావు లీటరు చుట్టుపక్కలే.

కొలిమికి తిత్తి లాంటిది

టర్బో అంటే ఏమిటో తెలిస్తే ఈ మూడు నిమిషాలు ఎందుకో తెలుస్తుంది. ట్రాక్టరు సొంతంగా లేని రైతు కూడా ఇది తెలుసుకోవడం మంచిదే. కిరాయికి తెచ్చే పెద్ద ట్రాక్టరులో, కోత మిషనులో, కూరగాయలు మార్కెట్టుకు వేసుకెళ్లే డీజిల్ పికప్ బండిలో ఇప్పుడు ఎక్కువగా టర్బో ఉంటోంది.

కమ్మరి కొలిమిని గుర్తు తెచ్చుకోండి. బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదకపోతే పొగే తప్ప ఇనుము ఎర్రబడదు. ఇంజనూ అంతే. డీజిల్ ఒక్కటే మండదు, గాలి కావాలి. లీటరు డీజిల్ పూర్తిగా మండడానికి తక్కువలో తక్కువ పన్నెండు కిలోల గాలి కావాలి. గాలికి బరువేమిటని అనుకోవద్దు. పన్నెండు కిలోల గాలంటే సుమారు పది వేల లీటర్లు. రెండు వందల లీటర్ల డ్రమ్ములు యాభై నిండే గాలి. ఆచరణలో ఇంకా ఎక్కువే పట్టాలి, లేకపోతే నల్ల పొగ వస్తుంది.

మామూలు ఇంజను పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి లోపలికి వస్తే అంతతోనే సరిపెట్టుకుంటుంది. ఇంకా బలం కావాలని డీజిల్ ఎక్కువ పోస్తే కాల్చడానికి గాలి చాలదు. అందుకని వెనకటి రోజుల్లో బలం పెంచాలంటే ఇంజనునే పెద్దది చేసేవారు. సిలిండర్లు పెంచేవారు. ఇనుమూ, బరువూ, ఖరీదూ అన్నీ పెరిగేవి.

టర్బో చేసే పనల్లా అదే సిలిండరులోకి గాలిని కూరి కూరి పంపడం. మరి ఆ తిత్తిని ఊదేదెవరు? ఇక్కడే దీని తమాషా ఉంది. మనం పోసే డీజిల్‌లో ఉన్న శక్తిలో మూడో వంతు అటూఇటూగానే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు దాకా సైలెన్సర్ గుండా వేడి పొగగా ఆకాశంలోకి పోతుంది. మిగిలింది రేడియేటరు దగ్గర, ఇంజను ఒంటి నుంచి పోతుంది. సైలెన్సర్‌లోకి పోయే ఆ వేడి పొగకు అడ్డంగా ఒక చిన్న చక్రం పెట్టారు. పొగ వేగానికి అది తిరుగుతుంది. ఆ చక్రం షాఫ్టుకే రెండో కొసన ఇంకో ఫ్యాను. అది బయటి గాలిని లాగి ఇంజనులోకి నెడుతుంది. వృథాగా పోయే పొగతోనే గాలి కొట్టించడం అన్నమాట. గాలి ఎక్కువ, దానికి తగ్గట్టు డీజిల్ కాస్త ఎక్కువ. అదే సైజు ఇంజను నుంచి బలం ఎక్కువ.

నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడితే కింది భాగం కాలుతుంది చూడండి, అలాగే. వేడి గాలి వ్యాకోచిస్తుంది కనుక సిలిండరులో పట్టేది తగ్గిపోతుంది. అందుకని చాలా ఇంజన్లలో ఆ గాలిని చల్లార్చడానికి రేడియేటరు ముందు ఇంకో చిన్న రేడియేటరు లాంటిది పెడతారు. దాన్ని ఇంటర్‌కూలర్ అంటారు. దాని రెక్కల మధ్య ఊక, పొట్టు ఇరుక్కుంటే టర్బో ఉండీ సగం లాభం పోయినట్టే.

ఇది కొత్త వింతేమీ కాదు. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆచరణలో పెట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో జర్మనీలో రెండు ప్రయాణికుల ఓడల ఇంజన్లకు దీన్ని బిగిస్తే 1,750 హెచ్‌పీ ఇచ్చే ఇంజను 2,500 ఇచ్చింది. పొలంలోకి రావడం ఇంకా ఆలస్యం. అమెరికాలో ఆలిస్ ఛామర్స్ కంపెనీ 1961లో తెచ్చిన డి-19 డీజిల్ ట్రాక్టరుకు ఫ్యాక్టరీలోనే టర్బో బిగించి అమ్మారు.

నూనె పొర మీద తేలే షాఫ్టు

ట్రాక్టరు ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే మనకు వేగం అనిపిస్తుంది. పీటీవో 540 చుట్లు. టర్బో షాఫ్టు బరువు మీద ఉన్నప్పుడు నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. అంటే సెకనుకు పదహారు వందల చుట్లకు పైగా. ఒక పక్క ఐదారు వందల డిగ్రీల పొగ. ఇంకో పక్క బయటి గాలి. మధ్యలో వేలంత షాఫ్టు.

ఆ వేగానికి ఏ ఇనుమూ ఇనుముకు రాసుకుని బతకదు. కనుక షాఫ్టు బేరింగుకు తగలకుండా ఇంజను ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. నూనెను అక్కడికి పంపేది ఇంజను ఆయిలు పంపు. ఆ నూనే షాఫ్టును తేలుస్తుంది, అదే చల్లబరుస్తుంది.

ఇప్పుడు బాబాయ్ చేసిన పని చూడండి. గంటసేపు బురదలో పూర్తి బరువు మీద లాగిన ట్రాక్టరును గట్టెక్కిన మరుక్షణం ఆపేశాడు. ఇంజను ఆగింది కనుక ఆయిలు పంపూ ఆగింది. కానీ టర్బో షాఫ్టు ఆ ఊపుకు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కింద నూనె రావడం లేదు. పొగ చక్రం ఇంటి వేడి అంతా షాఫ్టు వెంట బేరింగులోకి పాకుతుంది. అక్కడ మిగిలిన నాలుగు చుక్కల నూనె మాడి మసి కడుతుంది. అడుగంటిన మూకుడు చూశారుగా, గీకినా రాదు. అదే మసి రోజు రోజుకూ పేరుకుని నూనె దారిని మూసేస్తుంది, బేరింగును అరగదీస్తుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. అందుకే మనకు తెలియదు. రెండు సీజన్ల తరవాత బిల్లు వస్తుంది.

కాబట్టి బరువు పని ఆగాక ఇంజనును రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి. పొలం నుంచి ఇంటికి ఖాళీగా నెమ్మదిగా నడుపుకుంటూ వస్తే ఆ ప్రయాణంలోనే చల్లబడుతుంది, ఇంటి దగ్గర ఇంకో అర నిమిషం చాలు. పొద్దున స్టార్టు చేసినప్పుడూ ఇదే తీరు. కీ తిప్పగానే యాక్సిలరేటర్ తొక్కి ‘బర్రు’మనిపించే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. రాత్రంతా కిందికి జారిపోయిన నూనె మళ్లీ టర్బో దాకా ఎక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అర నిమిషం నుంచి నిమిషం దాకా ఇంజనును తన మానాన వదిలేయండి. నెలల తరబడి షెడ్డులో పెట్టిన బండికైనా, ఆయిలు, ఫిల్టరు మార్చిన రోజైనా ఇంకాస్త ఎక్కువ ఆగాలి.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. దమ్ము అవగానే ట్రాక్టరును అలాగే కాలవలోకి దించి బక్కెట్లతో నీళ్లు కొట్టడం మన వైపు మామూలే. మాడుతున్న టర్బో మీద, మానిఫోల్డు మీద చన్నీళ్లు పడితే పోత ఇనుము చిట్లే ప్రమాదం ఉంది. చక్రాలు కడుక్కోండి. ఇంజను చల్లారాకే దాని మీద నీళ్లు పోయండి. కోతల్లో దీనికి వ్యతిరేకమైన చిక్కు. ఎండు గడ్డి, పొట్టు టర్బో చుట్టూ పేరుకుంటే నిప్పు అంటుకోవచ్చు. మధ్యాహ్నం అన్నానికి ఆగినప్పుడు అది చల్లబడనిచ్చి, ఒకసారి దులిపేయడం మంచిది.

ఆయిలు దగ్గర బేరం వద్దు

టర్బో ఇంజనుకు ఏ రకం ఆయిలు పోయాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా వాటికి 15డబ్ల్యూ-40 చిక్కదనంలో సీహెచ్-4, సీఐ-4 లాంటి గ్రేడు చెబుతారు. డబ్బా మీద ఈ అక్షరాలు ఉంటాయి, చూసి తీసుకోవచ్చు. పాత మామూలు ట్రాక్టరుకు పోసే చౌక ఆయిలు ఇందులో పోస్తే ఆ వేడికి తట్టుకోక తొందరగా మాడుతుంది. మార్చాల్సిన గంటలు దాటించడమూ అంతే. ‘ఇంకో పదెకరాలు అయ్యాక మారుద్దాంలే’ అనుకుంటాం. నల్లబడిన నూనెలోని మసి, ఇనుప పొడి ముందుగా దెబ్బ తీసేది టర్బో బేరింగునే. ఆయిలుతో పాటు ఫిల్టరూ మార్చాలి. విడిగా, పీపాల్లోంచి పోసి అమ్మే ఆయిలు జోలికి పోకండి.

గాలి బాగుంటే సగం రోగాలు రావు

మూడు లీటర్ల ఇంజను రెండు వేల చుట్ల మీద పని చేస్తుంటే టర్బో లేకపోయినా గంటకు లక్షన్నర లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. మెట్ట దుక్కిలో, రోటావేటరు పనిలో ఆ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎయిర్ క్లీనర్ దాటి ఒక చిటికెడు ఇసుక లోపలికి పోయినా, లక్ష చుట్ల మీద తిరిగే అల్యూమినియం రెక్కలకు అది రంపపు పొడి కాదు, రంపమే.

ఆయిల్ బాత్ రకమైతే కింది గిన్నెలో గీత వరకే ఆయిలు పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను దాన్ని లాగేస్తుంది. అడుగున బురద చేరితే పారబోసి కడిగి కొత్తది పోయాలి. దుమ్ము పనుల్లో ఇది రోజువారీ చూసుకోవాల్సిన పని. కాగితం ఫిల్టరు రకమైతే మన వాళ్లు చేసే తప్పులు రెండు. చక్రానికేసి గట్టిగా బాదడం, కంప్రెసర్ గాలి బయటి నుంచి లోపలికి కొట్టడం. బాదితే కాగితం చిట్లుతుంది, అంచు వంకర పోతుంది. గాలి కొట్టాలంటే తక్కువ ప్రెషర్‌తో లోపలి నుంచి బయటికి కొట్టాలి. లోపల ఉండే రెండో చిన్న ఫిల్టరును శుభ్రం చేయకూడదు, చెప్పిన గడువుకు మార్చేయడమే. శుభ్రం చేశాక ఫిల్టరు లోపల టార్చి పెట్టి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనిపించిందా, అది పారేయాల్సిందే.

అలాగని ఊరికే పది సార్లు తీసి పెట్టడమూ మంచిది కాదు. తీసిన ప్రతిసారీ కాస్త దుమ్ము లోపలికి జారే అవకాశం ఉంది. డ్యాష్‌బోర్డులో గాని, క్లీనర్ దగ్గర గాని సూచిక ఉంటే అది ఎర్రబడినప్పుడు తీయండి.

క్లీనర్‌కూ టర్బోకూ మధ్య రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు కూడా చూడాలి. క్లీనర్ కొత్తదే, కానీ దాని తరవాత గొట్టం చిట్లింది అనుకోండి. అప్పుడు ఆ దుమ్ముకు అడ్డే లేదు.

పొగ రంగు చెప్పే మాట

నల్ల పొగ వచ్చిందంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. టర్బో పోయిందని కంగారు పడి దాన్ని విప్పించకండి. ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. తరవాత టర్బో నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టాలు. క్లిప్పు వదులై గాలి బయటికి పోతుంటే ‘సుయ్’మని శబ్దం వస్తుంది, బలం తగ్గుతుంది, పొగ నల్లబడుతుంది. ఇరవై రూపాయల క్లిప్పుతో పోయే జబ్బు అది. ఆ తరవాతే నాజిళ్లు, పంపు.

నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. అది పిస్టన్ రింగుల నుంచి కావచ్చు, టర్బో నుంచి కావచ్చు. టర్బో నుంచి ఆయిలు కిందికి దిగే గొట్టం మూసుకుపోయినా, ఎయిర్ క్లీనర్ పూర్తిగా పూడుకుపోయినా మంచి టర్బో కూడా ఆయిలు కక్కుతుంది. ఈ రెండూ చూడకుండా కొత్త టర్బో వేయిస్తే అదీ అలాగే కక్కుతుంది. బాబాయ్ మేస్త్రి ముందుగా ఆ గొట్టాలు విప్పి సన్న తీగ పెట్టి చూసిన తరవాతే టర్బో మీద తీర్పు చెప్పాడు.

ఒక ప్రమాదం మాత్రం అందరికీ తెలిసి ఉండాలి. టర్బో సీలు పూర్తిగా పోతే ఇంజను తన ఆయిలునే డీజిల్‌లా తాగి తిరగడం మొదలుపెడుతుంది. స్టాప్ లివరు లాగినా, కీ తీసినా ఆగదు. వేగం పెరుగుతూ పోతుంది, ఊరంతా పొగ కమ్ముతుంది. ట్రాక్టరు మీద ఉండి ధైర్యం ఉంటే పెద్ద గేరు వేసి, బ్రేకు పూర్తిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజనును నొక్కేయవచ్చు. అయితే ఎదురుగా ఎవరూ ఉండకూడదు. గాలి లాగే గొట్టం నోటికి మందపాటి చెక్క అడ్డం పెట్టినా ఆగుతుంది. చెయ్యి మాత్రం పెట్టవద్దు. గుడ్డ పెడితే లోపలికి లాగేస్తుంది. ఈ రెండూ కుదరకపోతే దూరం జరగండి, మనుషుల్ని జరపండి. ఇంజను పోతే పోనివ్వండి.

పాత ట్రాక్టరుకు టర్బో వేయిస్తే?

ఈ ప్రశ్న చాలా మంది అడుగుతున్నారు. ‘మీ 35 హెచ్‌పీ బండికి టర్బో బిగించి, పంపు కాస్త పెంచితే 50 లా లాగుతుంది’ అని చెప్పేవాళ్లు ప్రతి పట్నంలో ఉన్నారు. లాగుతుంది కూడా, కొన్నాళ్లు. అదే చిక్కు.

కంపెనీ వాళ్లు టర్బో ఇంజను చేసేటప్పుడు ఊరికే ఫ్యాను బిగించి వదలరు. లోపల ఒత్తిడి, వేడి పెరుగుతాయి కనుక పిస్టన్లు మారుస్తారు. చాలా వాటిలో పిస్టన్ అడుగున ఆయిలు చిమ్మి చల్లార్చే ఏర్పాటు ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్, వాల్వులు, ఆయిలు పంపు, రేడియేటరు అన్నీ ఆ బలానికి సరిపడేలా ఉంటాయి. క్లచ్, గేర్‌బాక్సు, వెనక ఇరుసు కూడా. ఎడ్ల బండికి గుర్రాన్ని కడితే బండి వేగంగానే పోతుంది, చక్రం ఎక్కడ ఊడుతుందో చెప్పలేం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిలో మార్పులు చేయకూడదు. ట్రాక్టరు కూడా రిజిస్ట్రేషన్ ఉన్న బండే. రేపు రోడ్డు మీద ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఈ టర్బో అడ్డం వస్తుంది.

నా మాటగా చెప్పాలంటే, పాత ఇంజనుకు ఆ డబ్బు పెట్టేకన్నా నాజిళ్లు సరి చేయించి, వాల్వు క్లియరెన్సు పెట్టించి, కొత్త ఎయిర్ ఫిల్టరు వేయిస్తే పోయిన బలంలో చాలా భాగం తిరిగి వస్తుంది.

చిన్న రైతుకు టర్బో కావాలా?

అందరికీ అక్కర్లేదు. ఐదు హెచ్‌పీ ఇంజను పంపుకు, పవర్ టిల్లరుకు టర్బో ఉండదు, అవసరమూ లేదు. 50 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లలో ఎక్కువ భాగం టర్బో లేనివే. గొర్రు, గుంటక, కల్టివేటరు, చిన్న తొట్టి తోలకం, మందు కొట్టడం వరకే మీ పని అయితే మామూలు ఇంజను చాలు. దాని రిపేరు ఊళ్లోనే అవుతుంది.

టర్బో విలువ బరువు పనిలోనే తెలుస్తుంది. పెద్ద రోటావేటరు, లోతు దమ్ము, గడ్డి కట్టలు కట్టే బేలరు, వడ్ల లోడుతో వంతెన ఎక్కడం లాంటివి. తేలిక పనిలో పొగ వేగం తక్కువ, టర్బో సరిగా తిరగనే తిరగదు. అలాగని బరువు పనిలో పెద్ద గేరు వేసి తక్కువ వేగంలో ఇంజనును గుంజుకుంటూ నడపడమూ తప్పే. టర్బో అందుకోక ముందే డీజిల్ పడుతుంది, పొగ వేడి పెరుగుతుంది. ఒక గేరు తగ్గించి వేగం నిలిపితే ఇంజనుకూ మంచిది, పనికీ మంచిది.

50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే పొగ నిబంధనలు వచ్చాయి. ఆ తరగతి ఇంజన్లలో టర్బోతో పాటు డీజిల్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే ఏర్పాట్లు వచ్చాయి. వీటి మీద చెట్టు కింద మేస్త్రి స్క్రూ డ్రైవరు పెట్టే వీలు లేదు. కొనేవాళ్లు సర్వీసు సెంటరు ఎంత దూరంలో ఉందో ముందే చూసుకోవాలి.

టర్బో ఉంటే డీజిల్ తక్కువ తాగుతుందా అంటే, గంటకు చూస్తే ఎక్కువే తాగవచ్చు. చేసిన పనికి చూస్తే తక్కువ పడవచ్చు. కనుక గంట లెక్క వదిలి ఎకరం లెక్క చూడండి. ట్యాంకు మూతి దాకా నింపి, ఒక ఎకరం దున్ని, మళ్లీ మూతి దాకా నింపడానికి ఎంత పట్టిందో రాసుకోండి. కిరాయి ధర మాట్లాడేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. కొత్తది కొనేవారు మధ్యప్రదేశ్ బుద్నీలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే ట్రాక్టర్ల పరీక్షా నివేదిక చూడవచ్చు. పీటీవో దగ్గర నిజంగా ఎంత బలం వచ్చిందో, డీజిల్ ఎంత పట్టిందో అందులో ఉంటుంది. డీలరు నోటి లెక్క కన్నా అది నమ్మదగ్గది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఇలాంటి సంస్థ ఉంది. అక్కడ యంత్రాల పరీక్షలతో పాటు రైతులకు, యువకులకు యంత్రాల నిర్వహణపై శిక్షణ కూడా ఇస్తారు.

సెకండ్‌హ్యాండులో కొంటుంటే

బేరానికి వెళ్లేటప్పుడు ఇంజనును ముందే వేడి చేసి ఉంచవద్దని అమ్మేవాడికి చెప్పండి. చల్లగా ఉన్న ఇంజనే నిజం చెబుతుంది. ఆపి ఉన్నప్పుడు క్లీనర్ వైపు గొట్టం విప్పించి టర్బో రెక్కలు చూడండి. అంచులు కొరికినట్టు ఉంటే దుమ్ము తిన్న బండి. షాఫ్టు పక్కలకు సన్నగా కదిలితే తప్పు కాదు, నూనె పొరకు ఆ ఖాళీ ఉండాలి. కానీ రెక్కలు గోడకు తగలకూడదు. ముందుకూ వెనక్కూ లాగితే చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు. గొట్టం లోపల నూనె జిడ్డు కాస్త ఉంటే ఫరవాలేదు, మడుగు కట్టి ఉంటే ఆగండి.

తరవాత స్టార్టు చేసి పది నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఒక్కసారి వేగం పెంచండి. గుప్పున నీలం పొగ వచ్చిందంటే సీలో, రింగులో ఏదో ఒకటి పోయింది. ధర అందుకు తగ్గట్టు మాట్లాడాలి. టర్బో కంపెనీదా, బయట బిగించిందా అనేది ఆర్‌సీలోని మోడలుతో సరిచూసుకోండి. అన్నీ చూశాక అమ్మేవాడు ఇంజను ఎలా ఆపుతాడో గమనించండి. మాట్లాడుతూ మాట్లాడుతూ టక్కున కీ తిప్పేశాడంటే, ఆ ట్రాక్టరు అన్నేళ్లూ అలాగే ఆగింది.

కొత్త టర్బో వేయించాల్సి వస్తే ఆయిలు వచ్చే గొట్టం, పోయే గొట్టం కూడా కడిగించాలి, లేదా మార్పించాలి. విరిగిన రెక్క ముక్కలు గాలి గొట్టంలోనో, ఇంటర్‌కూలర్‌లోనో మిగిలి ఉన్నాయేమో చూడాలి. బిగించాక స్టార్టు చేసే ముందు టర్బో ఆయిలు రంధ్రంలో కాస్త ఆయిలు పోసి షాఫ్టును చేత్తో తిప్పాలి. ఈ నాలుగు పనులూ మేస్త్రి మీ ముందే చేయాలి.

బాబాయ్ ట్రాక్టరు రబీ నాటికి మళ్లీ కిరాయికి తిరిగింది. ఇప్పుడు చేను దాటి గట్టెక్కాక ఆయన దిగడు. ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటుంటే సీటు మీదే కూర్చుని సీసాలో నీళ్లు తాగుతాడు, ఫోను చూసుకుంటాడు, చేను గలాయనతో కిరాయి డబ్బుల మాట తెస్తాడు. మొన్న ఒక కుర్రాడు గట్టు మీద నుంచి ‘‘ఆపెయ్ పెదనాన్నా, డీజిల్ కాలుతోంది’’ అని కేకేశాడు. ‘‘కాలనీరా, టీ గ్లాసుడే’’ అన్నాడాయన.